వీరబాహు వేషం ఎవరికి?

హైస్కూలు పిల్లలకు నాటకం పాఠాన్ని ఆడించి నేర్పాలనే మాట ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం కళలను మిగతా పాఠాలతో కలిపి బోధించమని చెప్పింది. సీబీఎస్ఈ 1 నుంచి 10వ తరగతి దాకా కళతో ముడిపడిన ప్రాజెక్టు పనిని తప్పనిసరి చేసింది. ఇంగ్లండులో రెక్స్ గిబ్సన్ 1986లో మొదలుపెట్టిన 'షేక్‌స్పియర్ అండ్ స్కూల్స్' ప్రాజెక్టు కూడా ఇదే వాదన చేసింది. నాటకం నటుల కోసం రాసిన స్క్రిప్టు, బెంచీల మీద కూర్చుని అర్థతాత్పర్యాలు రాసుకుంటే పిల్లలకు అందేది సగమే అని.

ఈ వాదనతో నాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర ఉంది. ఆడించాలనుకున్న టీచరు మొట్టమొదట చేసే పని వేషాలు పంచడం. మన బడుల్లో ఆ పంపకం కులాన్ని తప్పించుకుని జరగదు. తరగతి గది నాటకం గురించి శిక్షణలూ, వర్క్‌షాపులూ ఎన్ని జరిగినా ఈ ఒక్క విషయం చర్చకు రాదు. రాజు ఎవరు, బంటు ఎవరు, కాటికాపరి ఎవరు అన్నది టీచరు 'సహజంగా' తేల్చేస్తాడు. ఆ సహజత్వం మీదే ఈ వ్యాసం.

ఆడితే ఏం తెలుస్తుంది

ముందు ఆడించడం ఎందుకు అవసరమో చెప్పుకుందాం. శూద్రకుడి మృచ్ఛకటికం తీసుకోండి. పరీక్ష కోసం చదివిన వాళ్ళకు గుర్తుండేది చారుదత్తుడి ఔదార్యం, వసంతసేన ప్రేమ, మట్టిబండి. స్థావరకుడు గుర్తుండడు. అతను రాజుగారి బావమరిది శకారుడి దగ్గర బండి తోలే బానిస. వసంతసేనను చంపమని యజమాని ఆజ్ఞాపిస్తే కుదరదంటాడు. దెబ్బలు తింటాడు. గదిలో బందీ అవుతాడు. చేయని హత్యకు చారుదత్తుణ్ణి వధ్యస్థలానికి తీసుకెళ్తుంటే, సంకెళ్ళతోనే మేడ మీంచి దూకి వచ్చి నిజం చెబుతాడు. శకారుడు వాడి చేతిలో రహస్యంగా కడియం పెట్టి నోరు మూయించబోతాడు. కుదరకపోయేసరికి ఆ కడియాన్నే చూపించి, వీడు దొంగ, కొట్టానని కక్షగట్టి చెబుతున్నాడు అంటాడు. జనం యజమాని మాటే నమ్ముతారు. బానిస చెబితే నిజం కూడా చెల్లదని స్థావరకుడు వాపోతాడు.

పుస్తకంలో ఇది కొన్ని పంక్తులు. ఆడినప్పుడు అలా ఉండదు. ఒక విద్యార్థి కాళ్ళకు తువ్వాలు కట్టుకుని నిలబడి నిజం చెబుతుంటే, చుట్టూ ఉన్న ముప్పై మంది 'అబద్ధం' అని అరవాలి. అరిచినవాళ్ళకు నాటకం అయ్యాక కాస్త ఇబ్బందిగా ఉంటుంది. తమకు నిజం తెలుసు, అయినా పాత్ర ప్రకారం బానిసను నమ్మలేదు. సాక్ష్యం విలువ మాటలో ఉందా, మాట్లాడినవాడి స్థాయిలో ఉందా అనే ప్రశ్న వాళ్ళలో వాళ్ళకే పుడుతుంది. దీన్ని ఏ గైడూ చెప్పలేదు. శ్రేణీకృత అసమానత అని అంబేద్కర్ చెప్పిన దాన్ని పదమూడేళ్ళ పిల్లలకు నిర్వచనంతో చెప్పడం కష్టం. ఈ ఒక్క సీనుతో చూపించడం తేలిక.

బోర్డు ముందు స్థలం

తరగతి గదికి వేరే రంగస్థలం ఉండదు. బ్లాక్‌బోర్డుకూ మొదటి బెంచీకీ మధ్య ఉన్న నాలుగడుగుల జాగాయే స్టేజీ. ఆ జాగాకు మన చరిత్రలో ఒక జ్ఞాపకం ఉంది. అంబేద్కర్ హైస్కూల్లో ఉండగా టీచరు లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిస్తే తరగతిలో గగ్గోలు పుట్టింది. బోర్డు వెనక సవర్ణ పిల్లల టిఫిన్ డబ్బాలు ఉన్నాయి. అతను బోర్డును ముట్టుకునే లోపు వాటిని పక్కకు లాగేసుకున్నాకే లెక్క మొదలైందని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. సంస్కృతం చదువుకోవాలని ఉన్నా అక్కడ చదవనివ్వలేదు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు డబ్బాలు లాగేసుకునే కాలం కాదని అనేవాళ్ళుంటారు. నిజమే, ఇప్పుడు అందరినీ బోర్డు ముందుకు పిలుస్తారు. ఏ వేషంలో పిలుస్తారన్నదే ప్రశ్న. వేషాలు పంచేటప్పుడు టీచర్లు వాడే మాటలు మనందరికీ తెలిసినవే. 'వాడికి ఉచ్చారణ స్పష్టం.' 'ఆ అమ్మాయి ముఖంలో కళ ఉంది.' 'వీడి ఒడ్డూ పొడవుకి భటుడు బాగుంటాడు.' ఉచ్చారణ స్పష్టం అన్నప్పుడు ఏ ఇంటి తెలుగు కొలబద్ద? ముఖంలో కళ అన్నప్పుడు ఏ రంగు మనసులో ఉంది? ప్రతిభ పేరుతో జరిగే ఈ ఎంపికలో, చిన్నప్పటి నుంచి ఇంట్లో పద్యం విన్నవాడికీ, కర్ణాటక సంగీతం క్లాసుకు వెళ్ళినదానికీ పెద్ద వేషాలు దక్కుతాయి. మిగతావాళ్ళు బంట్లు, చెలికత్తెలు, చెట్లు. అడ్మిషన్లలో 'మెరిట్' అనే మాట చేసే పనే ఇక్కడ 'సూటవుతుంది' అనే మాట చేస్తుంది.

కాటి సీను

దీన్నంతా ఒకే చోట చూడాలంటే తెలుగువాళ్ళకు హరిశ్చంద్రను మించిన నాటకం లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయం తెలుగు పద్యనాటకాల్లో జనం నోట నిలిచినది. పల్లెల్లో నాటకం మొత్తం వేయలేకపోయినా కాటి సీను ఒక్కటే వేసేవాళ్ళు. హార్మోనియం, రాగం, వన్స్ మోర్లు, కన్నీళ్ళు. బడుల వార్షికోత్సవాల్లోనూ దానికి చోటుంది.

కథ మీకు తెలిసిందే. ఇచ్చిన మాట కోసం రాజ్యం పోగొట్టుకున్న హరిశ్చంద్రుడు భార్యాబిడ్డలను అమ్ముతాడు. చివరికి తానే కాశీలో వీరబాహుకు అమ్ముడుపోయి శ్మశానానికి కాపలా కాస్తాడు. ఈ దుఃఖం దేని మీద నిలబడిందో ఒక్కసారి ఆలోచించండి. రాజు చండాలుడి దగ్గర పనికి కుదరడం పతనానికి చివరి మెట్టు. ఆ మెట్టు మీద పుట్టినవాళ్ళ సంగతేమిటి? శవాన్ని కాల్చే పని హరిశ్చంద్రుడు చేస్తే ప్రేక్షకులు ఏడుస్తారు. తరతరాలుగా అదే పని చేస్తున్న వీరబాహు కోసం ఎవరూ ఏడవరు. పైగా అతను మద్యం మత్తులో ఊగుతూ నవ్వించాలి. మార్కండేయ పురాణం కథలో ఆ చండాలుడు చివరికి మారువేషంలో ఉన్న ధర్ముడని తేలుతుంది. అంటే రాజును కొన్న చండాలుడు నిజంగా చండాలుడు కూడా కాదు. కథ ముగిసేసరికి శ్మశానంలో మనిషంటూ ఒకడు మిగలడు, మనం అతనికి బాకీ పడే అవసరమూ ఉండదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బడి వార్షికోత్సవానికి ఈ సీను వేశారు. హరిశ్చంద్రుడి వేషానికి ముగ్గురిని పాడించి చూశారు. వీరబాహు వేషానికి ఎవరినీ పాడించలేదు. మా కాలనీ నుంచి వచ్చే ఒక అబ్బాయిని సారు పిలిచి, 'నీకు సరిగ్గా సరిపోతుందిరా' అన్నారు. వాడు చర్చిలో పాటలు పాడేవాడు, మా క్లాసులో వాడంత గొంతు ఇంకెవరికీ లేదు. నాటకం అయిపోయాక ఏడాది పాటు వాడి పేరు వీరబాహు. హరిశ్చంద్రుడు వేసినవాణ్ణి మర్నాటి నుంచి మామూలు పేరుతోనే పిలిచారు. ఒకడి వేషం రంగు కడుక్కోగానే పోయింది. ఇంకొకడిది పోలేదు.

ఇదే సీనులో టీచర్లు చెప్పకుండా దాటేసే ఒక పెద్ద విషయం ఉంది. స్టేజీ మీద కాటి సీనులో హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో జనం ఎదురుచూసేవి గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించి, 1941లో గబ్బిలం రాసిన జాషువా. వాటిని నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు, ప్రేక్షకులు వన్స్ మోర్ కొట్టారు. చావు ముందు రాజూ పేదా ఒకటేననే ఆలోచన ఆ సీనుకు ప్రాణం పోసింది. దాన్ని అందులోకి తెచ్చింది ఒక దళిత కవి. తరగతిలో ఈ సీను ఆడించే టీచరు ఈ ఒక్క నిజం చెబితే చాలు, వెనక బెంచీలో ఉన్న పిల్లాడు తలెత్తి చూస్తాడు. రాజు వేషంలో ఉన్నవాడు పాడుతున్నది తనవాళ్ళ మాట అని తెలుసుకుంటాడు.

ఇంకొకటి కూడా అక్కడే మాట్లాడుకోవచ్చు. 'చండాలంగా ఉంది' అని మన పిల్లలు రోజుకు ఎన్నిసార్లు అంటారు? కూర బాగాలేకపోయినా, రాత బాగాలేకపోయినా అదే మాట. అది ఒక జనసమూహం పేరని చాలామందికి తెలియదు. హరిశ్చంద్ర పాఠం చెప్పి ఈ మాట దగ్గర ఆగకపోతే ఆ పాఠం చెప్పనట్టే.

నాట్యవేదం, శాపం, జాలరి

సంస్కృత నాటకం అనగానే అది వాళ్ళ సొత్తు, మనకేం పని అనుకోవడం మనలో ఉంది. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. వేదాలు వినే హక్కు శూద్రులకు లేదు కాబట్టి అన్ని వర్ణాలకూ చెందే అయిదో వేదంగా నాట్యం పుట్టిందని ఆ గ్రంథమే చెప్పుకుంది. మొదటి ప్రదర్శనలో దేవతలు గెలిచి దైత్యులు ఓడిపోయే కథ ఆడితే, చూస్తున్న దైత్యులు మమ్మల్ని అవమానించారని అడ్డం పడ్డారు. అంటే నాటకంలో మమ్మల్ని ఎలా చూపిస్తున్నారు అనే నిలదీత మనం ఈ మధ్య తెచ్చిన గొడవ కాదు, నాటకం పుట్టిన నాటిదే. చివరి అధ్యాయం ఇంకా విచిత్రం. ఋషులను వెక్కిరిస్తూ ఆడినందుకు భరతుడి కొడుకులు శాపం పొంది శూద్రత్వంలోకి పడిపోయారట. నటుడి కులం నాటకం లోపలే రాసి పెట్టి ఉంది.

ఆ నాటకాల్లో భాష కూడా అంతస్తులుగా ఉంటుంది. రాజులు, ఋషులు సంస్కృతం మాట్లాడతారు. ఆడవాళ్ళు, సేవకులు, కింది కులాలవాళ్ళు రకరకాల ప్రాకృతాలు మాట్లాడతారు. బ్రాహ్మణుడైన విదూషకుడిదీ ప్రాకృతమే. శకుంతలదీ ప్రాకృతమే. తెలుగు పాఠంగా చేతికొచ్చినప్పుడు ఈ తేడా కనబడదు. తరగతిలో ఆడించేటప్పుడు దాన్ని తిరిగి తేవచ్చు.

అభిజ్ఞాన శాకుంతలం ఆరో అంకం మొదట్లో ఒక చిన్న సీను ఉంది. రాజుగారి ఉంగరం దొరికిన జాలరిని భటులు కట్టి తీసుకొస్తారు. నీ వృత్తి ఎంత గొప్పదో అని ఎగతాళి చేస్తారు. చంపడానికి చేతులు దురదపెడుతున్నాయంటారు. జాలరి తడబడకుండా జవాబు చెబుతాడు. పుట్టుకతో వచ్చిన పని నిందపడ్డా వదలకూడదట. యజ్ఞంలో పశువును చంపే శ్రోత్రియుడు దయాళువు కాడా అని కూడా అంటాడు. ఉంగరం నిజంగా దొరికిందేనని తేలి రాజు బహుమానం పంపితే, అందులో సగం భటులకు ఇవ్వాల్సి వస్తుంది. తర్వాత అందరూ కలిసి కల్లు దుకాణానికి పోతారు.

పోలీసు, అనుమానితుడు, కులం పేరుతో ఎగతాళి, చివర్లో మామూలు. ఈ సీను అర్థం కావడానికి పిల్లలకు ఏ టీకా తాత్పర్యమూ అక్కర్లేదు. జాలరి మాటలను ఎవరి ఊరి యాసలో వాళ్ళు రాసుకురమ్మనండి. ఉత్తరాంధ్ర తీరంలో ఒకలా, నల్లగొండలో చెరువు గట్టు మీద ఇంకోలా వస్తాయి. ఆ తర్వాత అడగండి: జాలరి అన్న మాటల్లో రెండు భాగాలున్నాయి కదా. యజ్ఞం చేసేవాడు మాత్రం చంపడం లేదా అన్నది ఎదురు ప్రశ్న. పుట్టిన కులం పనే చేయాలన్నది చాతుర్వర్ణ్యం. రెండూ ఒకే నోట ఎలా వచ్చాయి? రెండోది జాలరి మాటా, కాళిదాసు అతని నోట పెట్టిన మాటా? తొమ్మిదో తరగతి పిల్లలు ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులు కొన్ని పీజీ సెమినార్ల కంటే పదునుగా ఉంటాయని నా నమ్మకం.

శంబూకుడి రెండు నాటకాలు

ఒకే సంఘటన మీద రెండు నాటకాలను పక్కపక్కన ఆడించడం ఇంకా మంచి పద్ధతి. శంబూకుడి కథ దీనికి సరిపోతుంది. భవభూతి ఉత్తరరామచరితం రెండో అంకంలో రాముడు శంబూకుణ్ణి చంపడానికి తన కుడిచేతిని తానే ఒప్పించుకుంటాడు. సీతను అడవికి పంపినవాడి చేతికి జాలెక్కడిదని దాన్ని ఎత్తిపొడుస్తాడు. దెబ్బ పడ్డాక శంబూకుడు దివ్యరూపంతో వచ్చి, చంపినందుకు రాముడికి కృతజ్ఞత చెబుతాడు. తన చావుకు తానే దండం పెట్టే శూద్రుడు.

త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో శంబూకవధ రాశారు. అందులో శంబూకుడు కృతజ్ఞత చెప్పే దివ్యపురుషుడు కాడు, వాదించే మనిషి. రాముడి వెనక నిలబడి ఒత్తిడి చేసే పురోహిత వర్గం స్టేజీ మీదకు వస్తుంది. చాతుర్వర్ణ్యం శిక్ష లేకుండా నిలబడదని, శంబూకుడి కథ చెప్పేది అదేనని 1936లో కుల నిర్మూలనలో అంబేద్కర్ రాశారు.

మొదటి పీరియడ్‌లో భవభూతి సీను, రెండో పీరియడ్‌లో త్రిపురనేని సీను ఆడించండి. శంబూకుడి వేషం రెండింటిలోనూ ఒకే విద్యార్థి వేయాలి. ఒక దాంట్లో మోకరిల్లి, ఇంకో దాంట్లో నిలబడి మాట్లాడిన ఆ విద్యార్థిని, ఏది సులువుగా అనిపించిందని మిగతావాళ్ళు అడగాలి. చేతితో మాట్లాడే రాముణ్ణి వేసినవాణ్ణీ అడగాలి, నీకు తప్పని తెలుసు కదా, ఎందుకు ఆగలేదని. ఆజ్ఞ ఎవరిది, చెయ్యి ఎవరిది, బాధ్యత ఎవరిది అన్న చర్చ దానంతటదే నడుస్తుంది.

ఏది క్లాసిక్?

ఇంతవరకూ వాళ్ళు క్లాసిక్ అన్న వాటినే మనం ఎలా ఆడించాలో చెప్పాను. అసలు క్లాసిక్ అనే చిట్టాలో ఏముండాలన్నది కూడా తేల్చుకోవాలి. జోతిరావు ఫూలే 1855లో తృతీయ రత్న అనే నాటకం రాశారు. గర్భిణి అయిన కుణబీ స్త్రీనీ, ఆమె భర్తనూ ఒక జోషి గ్రహశాంతుల పేరుతో దోచుకుంటాడు. విదూషకుడు పక్కన నిలబడి అసలు సంగతి చెబుతుంటాడు. చివరికి ఆ భార్యాభర్తలు ఫూలే దంపతుల రాత్రిబడిలో చేరడానికి బయలుదేరతారు. దక్షిణా ప్రైజ్ కమిటీ దాన్ని తిరస్కరించింది. 1979 దాకా అది అచ్చు కాలేదు. కిర్లోస్కర్ శాకుంతలం 1880లో స్టేజీ ఎక్కి మరాఠీ సంగీత నాటకానికి ఆది అయింది. అంతకు పాతికేళ్ళ ముందు రాసిన ఫూలే నాటకం మాత్రం శతాబ్దానికి పైగా కాగితాల్లోనే ఉండిపోయింది. అదే 1855లో ఫూలే బడిలో చదువుకున్న మాంగ్ బాలిక ముక్తాబాయి, మహార్ మాంగుల దుఃఖం గురించి రాసిన వ్యాసం జ్ఞానోదయ పత్రికలో వచ్చింది. నాటకాన్ని ఆడించి, తర్వాత ఆ వ్యాసాన్ని ఒక విద్యార్థిని చేత గట్టిగా చదివించినా చాలు. బడి ఎందుకు అన్న ప్రశ్నకు అంతకంటే జవాబు అక్కర్లేదు.

మన దగ్గరైతే చిందు భాగవతం ఉంది. మాదిగల కులపురాణమైన జాంబపురాణాన్ని చిందువాళ్ళు ఆడతారు. సృష్టి ఎలా మొదలైంది, ఎవరు ముందు, ఎవరు వెనక అని జాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. చిందుల ఎల్లమ్మ ఆటను చూసిన ఊళ్ళు ఉత్తర తెలంగాణలో ఇంకా ఉన్నాయి. తరాల తరబడి నటన వృత్తిగా బతికిన కుటుంబాల పిల్లలు ఇవాళ మన తరగతుల్లో ఉండవచ్చు. వాళ్ళ ఇంట్లో నాటకం ఉందని వాళ్ళ టీచరుకు తెలియదు. ఆమె వాళ్ళకు నాటకం అంటే ఏమిటో శాకుంతలంతో మొదలుపెట్టి నేర్పుతుంటుంది.

కన్యాశుల్కాన్ని కూడా ఈ చూపుతోనే తీసుకోవాలి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ఆ నాటకం వెనక, మూడేళ్ళలో జరిగిన 1,034 శుల్కపు పెళ్ళిళ్ళ లెక్క ఉందని గురజాడ పీఠికలోనే రాశారు. అది బ్రాహ్మణ ఇళ్ళ సమస్య. సమాజం మొత్తానిదిగా చెప్పకుండా అలాగే చెప్పాలి. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టి పెళ్ళికూతురయ్యే సీనులో, అమ్మాయిని సరుకులా బేరమాడే మాటలన్నీ ఒక అబ్బాయి కూర్చుని వినాలి. మగపిల్లలకు అంతకంటే మంచి పాఠం దొరకదు.

చీటీలు వేయండి

ఇక పద్ధతి. దీనికి డబ్బులు, దుస్తులు, లైట్లు అక్కర్లేదు. నలభై అయిదు నిమిషాల పీరియడ్లు మూడు చాలు.

మొదటిది, వేషాలను చీటీలు వేసి పంచాలి. టీచరు ఎంచకూడదు, పిల్లలు ఓటు వేయకూడదు. చీటీలో ఆడా మగా తేడా ఉండకూడదు. రెండోది, సీను పది నిమిషాలకు కుదించి, ఒకే సీనును మూడు జట్లు ఆడాలి. ఒక జట్టులో రాజు వేసినవాడు తర్వాతి జట్టులో బంటు కావాలి. వేషం ఎవరి ఒంటికీ అంటుకోకూడదంటే అది చేతులు మారుతూ ఉండాలి. మూడోది, చిన్న పాత్రలను కత్తిరించకూడదు. సమయం లేదని టీచరు కోసేసేవి ఎప్పుడూ జాలరి సీను, తలారుల సీను, స్థావరకుడి సీను. కోయాల్సి వస్తే రాజు వర్ణనలు కోయండి. నాలుగోది, ముఖానికి నల్లరంగు, తూలే నడక, ఎగతాళి యాస నిషేధం. తలారి అంటే ఇలా ఉంటాడని ఎవరైనా చేసి చూపిస్తే, ఎక్కడ చూశావని అడగాలి. జవాబు చాలాసార్లు సినిమా అని వస్తుంది.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. సీను అయ్యాక పాత్రలను వేషంలోనే కుర్చీలో కూర్చోబెట్టి తరగతి ప్రశ్నించాలి. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ ప్రేక్షకుడికే సీను ఆపి స్టేజీ ఎక్కే హక్కు ఇచ్చాడు. అంత దూరం పోకపోయినా ప్రశ్న అడిగే హక్కు ఇవ్వొచ్చు. చంద్రమతిని కూర్చోబెట్టి, నిన్ను అమ్మేటప్పుడు నిన్ను అడిగారా అనొచ్చు. వీరబాహును కూర్చోబెట్టి, ఆ కాటి సుంకంలో నీకు మిగిలేదెంత, నీ పిల్లలు బడికి పోతున్నారా అనొచ్చు. ఆ జవాబులు ఏ నాటకంలోనూ లేవు, పిల్లలు అప్పటికప్పుడు కల్పించాలి. పరీక్షలో మార్కులు దీనికి ఇవ్వండి, రాగానికి కాదు.

అభ్యంతరాలు

చీటీలు వేస్తే రసం చెడుతుందని తెలుగు పండితులు అంటారు. తరగతి గది పోటీ ప్రదర్శన కాదు. గొంతు లేనివాడు పద్యాన్ని చదివి వినిపిస్తాడు, అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. వార్షికోత్సవానికి పాడేవాణ్ణే పెట్టుకోండి. అప్పుడైనా మూడు కాలనీల పిల్లలనూ పాడించి చూడండి.

పసిపిల్లల మధ్య కులం ఎందుకు తెస్తారు అనేది రెండో మాట. వాళ్ళ మధ్య అది ముందే ఉంది. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో, మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి గుంపు ఎక్కడో పిల్లలకు తెలుసు. దాని గురించి మాట్లాడే భాష మాత్రం వాళ్ళ దగ్గర లేదు. నాటకం ఆ భాష ఇస్తుంది. 'నేను' అనడానికి భయపడే పిల్ల 'స్థావరకుడు' అని చెప్పి మాట్లాడగలదు.

మూడో మాట మన వైపు నుంచే వస్తుంది. ఈ బ్రాహ్మణీయ నాటకాలు మనకెందుకు, వదిలేయొచ్చు కదా అని. ఆ కోపం న్యాయమైనదే. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని కాల్చిన వారసత్వం మనది. అయితే ఆయనే ఆ గ్రంథాలన్నిటినీ అక్షరం వదలకుండా చదివి వాదించాడు. సంస్కృతం తనకు చదవనివ్వని బడి నుంచి వచ్చి మరీ చదివాడు. సిలబస్‌లో ఆ నాటకాలు ఎలాగూ ఉంటాయి. మన పిల్లలు వాటిని తల వంచుకుని చదవాలా, వేషం కట్టి నిలదీయాలా అన్నదే మన చేతిలో ఉంది.

నిషేధం దారి కూడా చూశాం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి పద్యనాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల ఫిర్యాదు మీద ఆ నిర్ణయం జరిగింది. నేను నిషేధాలను సమర్థించను. ఒక్కటి మాత్రం గమనించండి. ఒక కులం నొచ్చుకుంటే నాటకమే ఆగిపోయింది. కాటి సీనులో నవ్వులపాలైన కాటికాపరి తరఫున, వందేళ్ళలో ఎవరి నొప్పి ఏ ప్రభుత్వ ఫైలు దాకా వెళ్ళింది? నాటకాన్ని ఆపమని మనం అడగడం లేదు. ఆడండి, అయితే ప్రశ్నలు అడగనివ్వండి అంటున్నాం.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనకు ఇందులో పని ఉంది. థియేటర్ విభాగాల్లో, తెలుగు శాఖల్లో దళిత బహుజన పరిశోధకులు ఇప్పుడు తగినంతమంది ఉన్నాం. మన సిద్ధాంత గ్రంథాలు లైబ్రరీల్లో ఉంటాయి. ఒక్కో సీనును పది నిమిషాలకు కుదించి, పక్కన ప్రశ్నలు రాసి, టీచరు వెంటనే వాడుకునేలా రెండు పేజీల స్క్రిప్టులు తయారు చేయడం మనకు కష్టం కాదు. జాలరి సీను, స్థావరకుడి సీను, రెండు శంబూకులు, తృతీయ రత్న, జాంబపురాణ సంవాదం, జాషువా పద్యాలతో కాటి సీను. ఈ ఆరింటితో మొదలుపెట్టవచ్చు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో మనవాళ్ళే టీచర్లుగా ఉన్నారు, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. అయితే అక్కడితో ఆగకూడదు. సవర్ణ పిల్లలు చదివే కార్పొరేట్ బడిలో కూడా చీటీ తీసినప్పుడు ఎవరో ఒకరికి వీరబాహు వేషం రావాలి. ఆ కుర్చీలో కూర్చుని, కాటి సుంకం గురించి, తన పిల్లల బడి గురించి అడిగిన ప్రశ్నలకు వాళ్ళు జవాబు చెప్పాలి.